పెళ్లి పావు

ఐదు పేటల మీదుగా సాగిన ఒక మహాగాథను ఇక్కడ చెప్పబోతున్నాను. ఇందులో ఒక వీరనారి ఉంది. ఆమె సింహాసనానికి ఎసరు పెట్టిన ద్రోహం ఉంది. నిండుసభలో నిజం ఒప్పుకోవడం ఉంది. లారీ ఎక్కి ఊరేగింపుగా వెళ్లిన లెక్కలేనంతమంది వినాయకులు కూడా ఉన్నారు. ఇంత చెప్పాక అసలు సంగతి కూడా చెప్పేయడం మంచిది. వీరనారి మా మేనత్త. సింహాసనం నారాయణగూడ సందులో ఒక చిన్న బడిలో మూడో తరగతి టీచరు కుర్చీ. దానికి ఒక కాలు పొట్టి, అట్టముక్క పెడితే తప్ప నిలబడేది కాదు. ద్రోహం చేసింది నేను, అప్పటికి నాకు ఎనిమిదేళ్లు. మిగతాదంతా పాత పెళ్లికార్డులు, ఒక కత్తెర, మైదా బంక. మహాగాథ కోసం వచ్చినవాళ్లు ఇక్కడ దిగిపోవచ్చు, బస్సు ఇంకా కదల్లేదు.

పోయిన నెల సువర్ణత్త రిటైరైంది. బడిలో తన బీరువా ఖాళీ చేయాలి, సాయానికి రమ్మంటే వెళ్లాను. సాయమంటే ఆమె సర్దుకుంటుంటే నేను స్టూలు మీద కూర్చుని కాలు ఊపడం. "ఆ కాలు ఆపవే మంజూ, నలభై దగ్గరికొచ్చినవ్" అంది. ఆపాను. రెండో కాలు మొదలైంది. పై అరలోంచి దిగిన ఒక పాత బిస్కెట్ డబ్బా మూత తీస్తే అరచేయంత కాగితపు గడియారం కనిపించింది. దళసరి మీగడరంగు అట్ట, స్కెచ్ పెన్నుతో రాసిన అంకెలు, మెరూన్ అట్ట ముళ్లు, మధ్యలో జాకెట్లకు కుట్టే టిచ్ బటన్. ముల్లు తిప్పితే ఇప్పటికీ తిరుగుతోంది. వెనకవైపు చూద్దామని తిప్పబోతే "జర ఆగు, ముల్లు ఊడుతది" అని అత్త లాక్కుంది. ఆ మెరూన్ రంగు చూడగానే నా రెండో కాలు కూడా ఆగింది. ఎందుకో చెప్పాలంటే మళ్లీ చిక్కడపల్లికి పోవాలి.

అక్కడ మేం రెండు గదుల పోర్షన్లో కిరాయికి ఉండేవాళ్లం. నాన్న, అమ్మ, నానమ్మ, నేను, నాన్న చెల్లెలు సువర్ణత్త. పైగదిలో గ్రూప్స్ పరీక్షలకు చదివే యాదగిరన్న. అశోక్‌నగర్‌లో గది దొరికేదాకా అని చెప్పి దిగినవాడు నాలుగేళ్లుగా దొరికేదాకా ఉంటూనే ఉన్నాడు. మా ఇంట్లో కుదురుగా కూర్చునే అలవాటు ఎవరికీ లేదు. నాన్న పేపరు నిలబడి చదివేవాడు. నానమ్మ పూజ మధ్యలో లేచి వెళ్లి పాలు చూసొచ్చేది, దేవుడు కూడా అలవాటుపడి ఆగేవాడు. అత్త కూర్చునేది గానీ చేతులు కూర్చునేవి కావు. బస్సు టికెట్టు పడవయ్యేది, పచారీ కొట్టు పొట్లం కాగితం కప్పయ్యేది. ఒకసారి పెళ్లిచూపులకొచ్చినవాళ్లు మాట్లాడుతుంటే, వాళ్లు తెచ్చిన మిఠాయి డబ్బా మీది కాగితాన్ని కొంగగా మడిచి అబ్బాయి తల్లి చేతిలో పెట్టింది. ఆ సంబంధం తప్పిపోయింది. కొంగ మాత్రం బాగా కుదిరిందని నానమ్మే ఒప్పుకుంది.

నారాయణగూడ బడిలో మూడో తరగతి టీచరు కాన్పుకు వెళ్తే ఆమె బదులు అత్తను తాత్కాలికంగా పెట్టుకున్నారు. ఆమె ఇక రానని చెప్పేసింది. జూన్ నుంచి ఆ కుర్చీ ఎవరికో ఒకరికి ఖాయం చేయాలి. పోటీలో ఇద్దరు. ఒకరు రెండో సెక్షన్‌లో తాత్కాలికంగానే ఉన్న శారద టీచర్, ఆమెకు బి.ఎడ్. ఉంది. రెండోవారు మా అత్త, ఆమెకు కత్తెర ఉంది. ఇద్దరి పాఠాలూ ఒక్కోరోజు వెనక కూర్చుని వింటానని, ఆ తర్వాతే చెప్తానని పెద్ద మేడం అన్నారు. అప్పటినుంచి అత్తకు ఒకటే ధ్యాస. ఆ తరగతి పిల్లల్లో నేనూ ఉన్నాను. ఇంట్లో అత్త, బడిలో టీచర్. మరిచిపోయి బడిలో అత్తా అంటే గోడకుర్చీ. ఆమెకు ఇంట్లో ఆకలయ్యేది కాదు, నిద్ర సరిగా పట్టేది కాదు. బియ్యంలో రాళ్లేరుతూ కూడా వాటిని నాలుగు సమాన భాగాలు చేసేది. పాఠం భిన్నాలు. అర, పావు, ముప్పావు. వాటిని బోర్డు మీద గీస్తే పిల్లలు బోర్డు చూస్తారు, చేతికిస్తే భిన్నం చూస్తారని ఆమె నమ్మకం.

చేతికివ్వడానికి అట్ట కావాలి. చార్టు కాగితం నలభైమంది చేతుల్లో ఒక్కరోజులో బట్టలా నలిగిపోయేది. పెళ్లికార్డు అట్ట అలా కాదు, నున్నగా, మొండిగా ఉంటుంది. అప్పట్లో ఏ ఇంట చూసినా పెళ్లికార్డులే. కిటికీ ఊచల మధ్య, క్యాలెండర్ వెనక, ఊగే మంచం కోడు కింద. పసుపు పూసిన మూలలతో సహా ఏళ్లకేళ్లు ఉండేవి, ఎందుకంటే పారేయడం అశుభం. అత్త స్టీలు గిన్నె మూత బోర్లించి పెన్సిల్‌తో గుండ్రం గీసేది, కత్తిరించేది, నాలుగు ముక్కలు చేసేది, రెండేసి పొరలు మైదా బంకతో అతికించేది. పొద్దున కాఫీ వాసన కంటే ముందు ఆ బంక ఉడికే వాసనే మా ఇంటిని లేపేది. అందులో చిటికెడు మైలుతుత్తం వేసేది. చూడ్డానికి నీలం కలకండలా ఉండేది గానీ విషం, అందుకే నన్ను దాని దగ్గరికి రానిచ్చేవాళ్లు కాదు. "అదెందుకత్తా?" అంటే "లేకుంటే మీకంటె ముందు బొద్దింకలు భిన్నాలు నేర్సుకుంటయ్" అనేది.

నానమ్మ రెండు షరతుల మీద ఈ పనికి ఒప్పుకుంది. మొదటిది, కార్డు మీది వినాయకుడిని ముందే జాగ్రత్తగా కత్తిరించి పక్కన పెట్టాలి. వాళ్లందరికీ పూజగూట్లో ఒక డబ్బా ఉండేది. నిమజ్జనం రోజు మా గల్లీ వినాయకుడి లారీలో ఆ డబ్బా కూడా ఎక్కేది, పెద్దాయన పాదాల దగ్గర ఇంతమంది బుల్లి వినాయకులతో. రెండోది, కత్తెర వధూవరుల పేర్ల మధ్యనుంచి పోకూడదు. "జంటను విడదియ్యొద్దు బిడ్డా. మనకు తెల్వనోళ్లయితే ఏంది, సంసారం సంసారమే" అనేది. పేర్లేమో కార్డు నడిమధ్యన ఉంటాయి. అందుకని అత్త గుండ్రాన్ని కాస్త పక్కకు జరిపి గీసేది, జంట మొత్తం ఒకే పావులో పడేలా. అలా ప్రతి గుండ్రంలో ఒక ముక్కకు వెనక ఇద్దరి పేర్లుండేవి. పిల్లలు దానికి పెళ్లి పావు అని పేరు పెట్టారు. దానికోసం కొట్టుకునేవారు. మిగతా మూడు పావులూ దానికి సరిసమానమని అత్త ఎంత చెప్పినా, భిన్నాల్లో మోజు వేరు, కొలత వేరు అని వాళ్లకు తెలుసు.

కార్డులు పోగుచేసే పని నాకిచ్చారు. "దీని కాళ్లకు ఏదన్న పని చెప్పుండ్రి, లేకుంటే ఇల్లు అరుగుతది" అని నాన్న సిఫారసు. బడి విడిచాక సంచీ తీసుకుని బయల్దేరేదాన్ని. చిక్కడపల్లి అయిపోయింది, అశోక్‌నగర్ అయిపోయింది. "బడికోసం పాత పెండ్లికార్డులుంటే ఇస్తరా?" అంటే ఇచ్చేవారు, కానీ పల్చనివి, చెమ్మ తగిలినవి. మంచివి బీరువాల్లో ఉండేవి. నల్లకుంటలో ఒకామె నా సంచీ చూసి తనే అడిగింది, "ఏం బిడ్డా, మీ ఇంట్ల పెండ్లా? నమూనాలు చూస్తున్నరా?" అని. అప్పటి పద్ధతి అది. పెళ్లి కుదిరితే ఇరుగుపొరుగు కార్డులన్నీ తెప్పించుకుని, ఏ డిజైన్ బాగుందో చూసుకుని, ఆ తర్వాత దుకాణానికి పోవడం. నేను ఆఁ అన్నాను. ఆమె లోపలికి వెళ్లి బంగారు అంచుల కార్డులు ఒక కట్టా, ఒక మైసూర్‌పాక్ ముక్కా తెచ్చింది. అంటే ఆ అబద్ధాన్ని నేను కనిపెట్టలేదు, నా చేతిలో పెట్టారు. నేను దాన్ని దోమలగూడ దాకా మోసుకెళ్లానంతే.

దోమలగూడలో పూలకుండీల మేడ. గేటు దగ్గరికి ఒకావిడ వచ్చింది.

"ఎవరి పెండ్లమ్మా?"

"మా అత్తది."

"ఏం చేస్తది మీ అత్త?"

"టీచరు. నారాయణగూడ బడిల."

"అట్లనా! అబ్బాయి?"

నేను అంతదూరం ఆలోచించి రాలేదు. "బ్యాంకు" అన్నాను.

"ఏ బ్యాంకు?"

"పెద్దది."

"మంచిది. ఎప్పుడు?"

"వైశాఖంల." ఈ మాట నానమ్మ నోట రోజూ వినేదే.

ఆవిడ లోపలినుంచి ప్లాస్టిక్ కవర్లో పెట్టిన మెరూన్ కార్డు తెచ్చింది. దానంత దళసరి అట్టను నేను అంతకుముందు చూడలేదు. "ఇది మా అక్క బిడ్డ పెండ్లిది. ఇసొంటిది మావోల్ల ఎవ్వరు కొట్టియ్యలే. చూసుకొని మల్ల తెచ్చియ్యాలె, మరిచిపోవద్దు" అంది. మరిచిపోనన్నాను. మరిచిపోలేదు కూడా. అత్తకు అసలు చెప్పనేలేదు, అది వేరే. సాయంత్రానికల్లా ఆ కార్డు నాలుగు పావులైంది.

నాలుగు రోజులకు యాదగిరన్న మెట్లు దిగుతూ, "అక్కా, శుభవార్త మాక్కూడ చెప్పరాదు? వైశాఖంలనంట గద, బ్యాంకాయన అంట" అన్నాడు. అత్త కత్తెర ఆగింది. "ఎవరు చెప్పిన్రు?" "ఎవరు చెప్తరక్కా, అందరనుకుంటున్నరు. మా మెస్సుల కూడ అనుకుంటున్నరు." లోపలినుంచి నానమ్మ పరుగున వచ్చి నాన్నను పట్టుకుంది, "నాకు చెప్పకుంట సంబంధం ఖాయం చేసినవురా?" అని. నాన్న పేపరు దించి, "నాక్కూడ చెప్పలేదమ్మా" అన్నాడు. అత్త లేదంది, అబద్ధమంది, ఒట్టేసింది. పెళ్లీడు పిల్ల లేదంటే మాటలు నడుస్తున్నట్టు, ఛీ అంటే కుదిరినట్టు, కోప్పడితే ముహూర్తం పెట్టేసినట్టు. ఆ లెక్కన సాయంత్రానికి మా అత్త పెళ్లి దాదాపు అయిపోయింది.

మర్నాడు అత్త బడినుంచి వచ్చి చెప్పులు కూడా విడవకుండా వంటింటి గడప మీద కూర్చుంది. "జూన్‌ల కుర్చీ శారదకేనని పెద్ద మేడం అన్నది వదినా. నేనెట్లయిన పెండ్లి చేస్కొని పోతనట, మధ్యల పిల్లలు పరేషానైతరట" అని అమ్మతో చెప్పింది.

"పెండ్లి లేదని చెప్పకపోయినవా?" అంది అమ్మ.

"చెప్పిన. సిగ్గుపడుతున్ననుకున్నది."

అత్త చేతిలో పచారీ పొట్లం కాగితం ఉంది. మడిచింది, విప్పింది, మళ్లీ అదే మడత మీద మడిచింది. అది పడవా కాలేదు, కప్పా కాలేదు. అలా మడుస్తూ విప్పుతూ ఉంటే చివరికి గీత వెంబడి చిరిగిపోయింది. ఆమె చేతిలో కాగితం చిరగడం నేను చూడటం అదే మొదటిసారి. అత్త ఏడ్చి ఉంటే బాగుండేది, నేను కూడా ఏడ్చి తప్పు ఒప్పేసుకునేదాన్ని. ఆమె రెండు ముక్కలనూ ఒకదాని మీద ఒకటి పెట్టి, సమానంగా ఉన్నాయో లేదో చూసుకుని లేచింది.

ఆ తర్వాత మూడు రోజులు నేను ఇంట్లో నడిచిన దూరం రోడ్డు మీద నడిచి ఉంటే వరంగల్ చేరేదాన్ని. నల్లా దగ్గరికి, మెట్ల దగ్గరికి, మళ్లీ నల్లా దగ్గరికి. "కడుపు నొస్తున్నదా?" అని అమ్మ వాము నమిలించింది. చెప్పేద్దామని అత్త దాకా వెళ్లేదాన్ని. చెప్తే ఆ మెరూన్ కార్డు తిరిగివ్వాలి. అదిప్పుడు నాలుగు ముక్కలు, రెండు పొరలు, బంకతో సహా. వెనక్కి వచ్చేదాన్ని.

గురువారం పెద్ద మేడం మా తరగతికి వచ్చారు. నిర్ణయం ముందే అయిపోయింది కానీ వస్తానని మాటిచ్చారు గనక వచ్చారు, చివరి బెంచీలో కూర్చుని గడియారం చూసుకున్నారు. అత్త ముఖంలో ఏమీ లేదు. పిల్లలకు గుండ్రంగా కత్తిరించిన పేపరు ముక్కలు పంచింది. "ఒక్కటే రొట్టె. ఇద్దరున్నరు. ఎట్ల?" మడిచాం. "ఇంకిద్దరొచ్చిన్రు?" మళ్లీ మడిచాం. తర్వాత బెంచీకొక సెట్టు అట్ట పావులిచ్చింది. వెంటనే గొడవ. "టీచర్, వీడు పెద్దది తీస్కున్నడు!" "ఒకదాని మీద ఒకటి పెట్టి సూడు, పెద్దదైతే బయటికి కనవడ్తది." పెట్టి చూశారు. కనబడలేదు. ఇంకా సరిగా నమ్మలేదు, తిప్పి పెట్టి చూశారు. చివరి బెంచీలో ఇద్దరు పిల్లలు మాత్రం పెనుగులాడుతున్నారు. "పెండ్లి పావు నాది!" "మొన్న నువ్వే తీస్కున్నవ్!"

"పెండ్లి పావు ఏంది?" అని పెద్ద మేడం చెయ్యి చాపారు. అది చేతిలో ఉన్నవాడు గర్వంగా ఇచ్చాడు. మెరూన్ ముక్క. ఆవిడ వెనక్కి తిప్పి, కళ్లద్దాలు సర్దుకుని చదివి, మళ్లీ చదివారు.

"ఇది మా అమ్మాయి పెండ్లికార్డు" అన్నారు.

"మేడం?" అంది అత్త.

"దోమలగూడల మా చెల్లె ఇచ్చిందట, నీ పెండ్లికి నమూనా చూస్తరని. ఒక చిన్న పిల్ల వచ్చిందట."

అత్త తల నావైపు తిరిగింది. నలభై తలలు దాని వెంట తిరిగాయి. నిండుసభలో నిజం ఒప్పుకున్న ఘట్టం ఇదే. నేను లేచి నిలబడి, గొంతు సవరించుకుని, "టీచర్, ఒకటికి" అన్నాను.

"ముందు చెప్పి పో" అంది అత్త.

"అత్తకు పెండ్లి లేదు. బడికోసమంటే పాతయి ఇస్తున్నరు, పెండ్లంటే మంచియి ఇస్తున్నరు. అందుకని నేనే చెప్పిన."

"మరి బ్యాంకు?" అన్నారు పెద్ద మేడం.

"ఆమె అడిగింది మేడం, అబ్బాయేం చేస్తడని."

తరగతంతా నవ్వింది. పెద్ద మేడం నవ్వలేదు. ముక్కను వెలుతురుకు పెట్టి చూస్తూ, "పేర్ల మీద కొయ్యలేదేంది?" అని అత్తను అడిగారు. "మా అమ్మ ఒప్పుకోదు మేడం. జంటను విడదియ్యొద్దంటది. అందుకే గుండ్రం జర పక్కకు గీస్తం." "దేవుడు?" "ఇంట్ల డబ్బల ఉన్నడు మేడం. నిమజ్జనానికి పోతడు." ఆవిడ ఆ పావును పర్సులో పెట్టుకున్నారు. పర్సు మూయబోతూ ఆగి, ఆ బెంచీ పిల్లలవైపు తిరిగి, "ఒకటి నేను తీస్కున్న. మీ దగ్గర ఎంత మిగిలింది?" అన్నారు.

"ముప్పావు!" అంది బెంచీ. వెంటనే తరగతంతా ముప్పావు అని అరిచింది. లెక్కల్లో ఎప్పుడూ వెనకబడేవాళ్లతో సహా. పెద్ద మేడం తలుపు దాకా వెళ్లి వెనక్కి తిరిగారు. "వైశాఖంల నిజంగ ఏం లేదా?" "వైశాఖంల పేపర్లు దిద్దాలె మేడం" అంది అత్త. ఆవిడ తలూపి వెళ్లిపోయారు. నేను కూడా వెళ్లాను, అప్పటికి ఇక ఆగే పరిస్థితి లేదు.

జూన్‌లో ఆ పొట్టికాలి కుర్చీ అత్తకే ఇచ్చారు. శారద టీచర్‌కు బి.ఎడ్. ఉంది గనక ఆరో తరగతికి పంపారు, జీతం అక్కడే ఎక్కువ. అంటే ఈ మహాగాథలో ఓడినవాళ్లు కూడా లేరు. నా శిక్ష, వేసవంతా గుండ్రాలు కత్తిరించడం. దానికి ముందు అత్త నన్ను దోమలగూడ తీసుకెళ్లి ఆవిడకు క్షమాపణ చెప్పించింది, మిగిలిన ముప్పావు కార్డును కవర్లో పెట్టి తిరిగిచ్చింది. ఆవిడ వద్దులెమ్మని మళ్లీ మా చేతికే ఇచ్చి, "నిజంగ పెండ్లయితే పిలువుండ్రి" అంది. ఆరేళ్లకు పిలిచాం. కార్డు ఎంచడానికి వెళ్లినప్పుడు అత్త నమూనాలన్నీ వంచి చూసి, కత్తెర ఉందా అని దుకాణంలో అడిగింది. "డిజైన్ చూస్తరా అక్కా, గట్టిదనం చూస్తరా?" అన్నాడతను. "గట్టిదనం" అంది. పెళ్లికొడుకు నిజంగానే బ్యాంకు. చిన్నది.

ఇప్పుడు పెళ్లికార్డులు ఫోన్లోకి వస్తున్నాయి, పాటతో సహా. చూసి, దండం ఎమోజీ పెట్టి, తుడిచేస్తాం. కత్తిరించడానికి ఏమీ మిగలదు, వినాయకుడిని ఎక్కడ దాచాలో తెలియదు. మా అమ్మాయి బడినుంచి సాయంత్రం మెసేజ్ వస్తుంది, రేపటికి మోడల్ కావాలని. నేను ఆర్డర్ పెడతాను, అది తయారుగా వస్తుంది, అమ్మాయి దానిమీద తన పేరు రాస్తుంది. అత్త కుర్చీలోకి వచ్చే కొత్త టీచరు తన దగ్గరున్న భిన్నాల పెట్టె చూపించింది. రంగురంగుల ప్లాస్టిక్, బోర్డుకు అంటుకునే అయస్కాంతం. ముక్కలన్నీ అచ్చంగా సమానం. అదే నాకు నచ్చలేదు. మావి ఎంత కత్తిరించినా ఎక్కడో వెంట్రుకవాసి తేడా ఉండేది, అందుకే అనుమానం, అందుకే ఒకదాని మీద ఒకటి పెట్టి చూసుకోవడం, అందుకే ఆ గొడవంతా. ప్లాస్టిక్ పావులతో ఎవరు దేనికి కొట్టుకోవాలి? ఇది పెద్ద మాటలా ఉందని నాకే అనుమానం వచ్చి స్టూలు దిగి కిటికీ దాకా వెళ్లొచ్చాను.

అత్త అటు తిరిగినప్పుడు గడియారం తీసి వెనకవైపు చూశాను. అది ఆమె సొంత పెళ్లికార్డు. రెండు పేర్లూ, ఆమెదీ మామయ్యదీ, చక్కగా ఒక పక్కన ఉన్నాయి. టిచ్ బటన్ చిల్లు కూడా వాటికి తగలకుండా గుండ్రాన్ని జరిపి గీసింది. ముళ్లు మాత్రం పెద్ద మేడం కూతురి ముప్పావులోంచి కత్తిరించినవి. ఇన్నేళ్లు, ఇంతమంది పిల్లల చేతుల్లో, ఒక్క మూల కూడా లేవలేదు. "అత్తా, ఇన్నేండ్లు ఇదెట్ల ఆగింది?" అన్నాను.

"మైలుతుత్తం కలిపిన గద" అంది అత్త, డబ్బా మూత కోసం వెతుకుతూ. పావుకిలో మైదాకు చిటికెడు చాలట. పట్టుకున్నాక చేతులు కడుక్కోవాలి.